ముందు వేడి, తర్వాత సీసం



దర్శిలో కొత్తగా ఆంప్లిఫయర్ కిట్ కొనుక్కున్న కుర్రాడికి ఒకటే తొందర. సాయంత్రానికల్లా పాట మోగాలి.

కాస్త ఆగు నాయనా. ముందు భాగాలను బోర్డుకు అతికే సోల్డరింగ్ నేర్చుకో. పాడైపోయిన రేడియో బోర్డు ఒకటి తీసుకో. దాని మీద చెయ్యి తిప్పుకో.

సోల్డరింగ్ ఐరన్ మొనకు సీసం పూసి తెచ్చి అంటిస్తే అతుకు నిలవదు. మొన అటు విడిభాగం కాలునూ, ఇటు బోర్డు మీది రాగి రేకునూ తాకాలి. రెండూ కాగాలి. అప్పుడు సీసం తీగ అక్కడ ఆనించు. అదే కరిగి పారుతుంది. చల్లారేదాకా కదపకు.

కంసాలి చేసేదీ ఇదే. ఊదుగొట్టంతో మంటను నగ మీదికి ఊదుతాడు. నగ కాగితే టంకం తనంతట తనే సందులోకి పాకుతుంది.

కాగని అతుకు పైకి అతికినట్టే ఉంటుంది. కానీ మసకగా, గరుకుగా ఉంటుంది. కరెంటు సరిగా పారదు. శ్రీరామనవమి పందిట్లో మైకు గరగరలాడిందంటే, ఇలాంటి అతుకు ఒకటి ఉండొచ్చు.

అందుకే ముందు వేడి, తర్వాత సీసం. కిటికీ తెరిచిపెట్టుకో, పొగ పీల్చకు. పనయ్యాక చేతులు కడుక్కో.

ఈరోజు మీరు ఏ కొత్త పని మొదలుపెట్టినా, ముందు చెయ్యి తిప్పుకోవడానికి ఒక పాత బోర్డు వెతుక్కోండి.