పనిలేని సాయంత్రం

ఫిలిప్పీన్స్‌లో దుమగెటే చిన్న నగరం. 1896లో స్పానిష్ పాలకులు కాల్చి చంపిన రచయిత హోసే రిజాల్ పేరే అక్కడి సముద్రపు ఒడ్డు రోడ్డుకి పెట్టుకున్నారు. ఓ సాయంత్రం రెండు గంటలు ఆ గట్టు మీద ఊరికే కూర్చున్నాను. ఎవరికోసం ఎదురుచూస్తున్నావని ఎవరూ అడగలేదు. విశాఖ బీచ్‌లో ఒంటరిగా కూర్చోవాలంటే చేతిలో పుస్తకమో ఫోనో ఉండాలి నాకు. అది నా సంజాయిషీ.

అదే రోడ్డు మీద, 1904లో ఓడ దిగిన ఏడుగురు సెయింట్ పాల్ సన్యాసినుల స్మారక శిల్పం ఉంది. వాళ్ళు బడి పెట్టడానికొచ్చారు. చదువో, సేవో, సంపాదనో, ఏదో ఒకటి సాక్ష్యం చెబితే తప్ప ఆడవాళ్ళు బయట కనబడకూడదా? ఏ పనీ లేకుండా గాలికి కూర్చునే హక్కు మగవాళ్ళకి పుట్టుకతోనే ఎలా వచ్చింది?

చీకటి పడ్డాక బలూత్ అనే ఉడకబెట్టిన బాతుగుడ్లు అమ్మే ఆమె బుట్ట దించి నా పక్కన కూర్చుంది. ఆమె చూపు నీళ్ళ మీద లేదు, నడిచేవాళ్ళ మీద ఉంది. నా తీరికకి సిగ్గేసింది. కానీ నేను సిగ్గుపడి లేచిపోతే ఆమెకి ఒరిగేదేమిటి? తీరికగా కూర్చోవడం తప్పు కాదు, అది కొందరికే దక్కడం తప్పు. నేను అడిగే హక్కులో ఆమె వాటా లేకపోతే అది హక్కు కాదు, నా అదృష్టం మాత్రమే.

గుడ్లు కొన్నాను. ఆమె లేచి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు.