విశ్రాంత జీవితం: ఒక ధర్మమీమాంస

వార్ధక్యం మనిషి జీవితంలో ప్రవేశించే తీరుకూ, పదవీ విరమణ ప్రవేశించే తీరుకూ మౌలికమైన భేదం ఉంది. వార్ధక్యం క్రమక్రమంగా వస్తుంది. చూపు మందగించడం, మోకాళ్లు సహకరించకపోవడం, జ్ఞాపకశక్తి సన్నగిల్లడం సంవత్సరాల తరబడి సాగే పరిణామాలు. పదవీ విరమణ మాత్రం ఒక నెల చివరి తేదీన, పని ముగిసే వేళకు సంభవిస్తుంది. ఆ తేదీని నిర్ణయించేది శరీరం కాదు, సర్వీసు పుస్తకంలోని జన్మతేదీ. పూర్వం పల్లెల్లో పుట్టిన ఎందరికో ఆ జన్మతేదీ బడిలో చేర్చుకున్న ఉపాధ్యాయుడు అంచనాగా వేసినదే. బడులు తెరిచే కాలాన్ని బట్టి జూలై ఒకటవ తేదీ వారికి పుట్టినరోజు అయింది. నెల మొదటి తేదీన పుట్టినవారు అంతకుముందు నెల చివరి రోజునే విరమించాలన్నది ప్రభుత్వ నిబంధన కనుక, వారు జూన్ 30న విశ్రాంతులవుతారు. మనిషి జీవితంలో ఇంత పెద్ద మలుపు ఇంత యాదృచ్ఛికమైన అంకెపై ఆధారపడి ఉండడం ఆలోచించదగిన విషయం.

విరమణ వయస్సు అనేది ప్రకృతి విధించిన హద్దు కాదు. జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం 1889లో చేసిన చట్టం కార్మికుల వృద్ధాప్య భృతికి 70 ఏళ్లను అర్హతగా నిర్ణయించగా, 1916లో అది 65కు తగ్గింది. భారతదేశంలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 1998లో 58 నుండి 60కి పెరిగింది. ఈ అంకెలన్నీ రాజ్యం తన అవసరాలను బట్టి వేసుకున్న లెక్కలు. ప్రాచీన ధర్మశాస్త్రాలు వానప్రస్థానికి అంకె చెప్పలేదు. చర్మం ముడతలు పడడం, తల నెరవడం, మనుమడు కలగడం అనే గుర్తులనే మనువు పేర్కొన్నాడు. ఆ గుర్తులు మనిషి శరీరంలోనూ, కుటుంబంలోనూ కనిపించేవి. వాటిని గమనించి బయలుదేరే నిర్ణయం గృహస్థునిదే. నేటి ఉద్యోగికి నిర్ణయం వేరొకరిది, తేదీ ముందే తెలిసినది, సంసిద్ధత మాత్రం అతని బాధ్యత. పదవి పోయిన మరునాడు మనిషి ఎవరు, అతని విలువ దేనిపై నిలుస్తుంది అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది.

ఈ ప్రశ్న భిలాయ్ వంటి ఉక్కు నగరంలో అత్యంత స్పష్టమైన రూపం ధరిస్తుంది. సోవియట్ యూనియన్ సహకారంతో ఉక్కు కర్మాగారం నెలకొల్పడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటికి అది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా. 2000 నవంబర్ 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1988 నాటికి నలభై లక్షల టన్నులకు విస్తరించింది. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజం, నందిని సున్నపురాయి, దూరప్రాంతాల బొగ్గు, దేశం నలుమూలల నుండి వచ్చిన మనుషులు ఇక్కడ కలిశారు. భారతీయ రైల్వేలకు పట్టాలు సమకూర్చిన ప్రధాన కర్మాగారంగా భిలాయ్ ప్రఖ్యాతి పొందింది.

అలా వచ్చినవారిలో తెలుగువారు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1931లోనే పూర్తయినందున, ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ మైదానం ఏనాడూ మరీ దూరం కాలేదు. కర్మాగార నిర్మాణకాలంలో మట్టిపనికీ, కాంక్రీటు పనికీ వచ్చిన కూలీలు, తరువాత శిక్షణ పొంది యంత్రాల వద్ద నిలబడిన యువకులు, గుమాస్తాలు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ఇక్కడ స్థిరపడ్డారు. ఖుర్సీపార్ వాడల్లో తెలుగు నేటికీ వీధి భాష. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం, ఆంధ్ర సాహిత్య సమితి ఆ సమాజపు సాంస్కృతిక జీవితానికి ఆశ్రయాలైనాయి.

భిలాయ్‌లో కర్మాగారం కేవలం జీతమిచ్చే యజమాని కాదు. క్వార్టరు, నీరు, విద్యుత్తు, పిల్లల బడి, సెక్టార్ 9 ఆసుపత్రి, ఆటస్థలం, మైత్రీబాగ్ ఉద్యానం అన్నీ దాని ఏర్పాట్లే. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటలకు మారే షిఫ్టులు కుటుంబంలో భోజనవేళలను సైతం శాసించాయి. చిరునామా అడిగితే సెక్టారు, వీధి, క్వార్టరు సంఖ్య చెప్పే అలవాటు ఇక్కడివారిది. ఇతర ఊళ్లలో గుమాస్తా విరమణ పొందితే ఉద్యోగం పోతుంది, ఇల్లు మిగులుతుంది. భిలాయ్ కార్మికునికి ఉద్యోగంతో పాటు నియమిత గడువులో ఇల్లు, ఇంటితో ఇరుగుపొరుగు, వారితో ఊరు కూడా చేజారే పరిస్థితి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కొన్ని క్వార్టర్లను ఉద్యోగులకూ, విశ్రాంత ఉద్యోగులకూ దీర్ఘకాలపు లీజుకు ఇవ్వడం వల్ల కొందరికి ఆ వియోగం తప్పింది, అందరికీ తప్పలేదు.

విరమణకు సంసిద్ధత అనగానే ధనమే మొదట స్ఫురిస్తుంది. ఆ ఆలోచన అవసరమైనదే. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఏర్పరచిన లెక్క ప్రకారం ముప్పై ఏళ్ల సేవకు, గరిష్ఠ పరిమితికి లోబడి, సుమారు పదిహేడు నెలల వేతనం లభిస్తుంది. భవిష్యనిధి మొత్తం దానికి తోడవుతుంది. 1995లో ప్రారంభమైన ఉద్యోగుల పెన్షన్ పథకం నెలనెలా ఇచ్చే మొత్తం చివరి జీతంతో పోల్చదగినది కాదు. కార్మికుడు తన జీవితంలో ఎన్నడూ చూడనంత సొమ్ము ఒక్కసారి చేతికి వస్తుంది. ఆ వెంటనే నెలవారీ రాబడి కుంచించుకుపోతుంది. కుమార్తె వివాహం, కుమారుని వ్యాపారం, స్వగ్రామంలో ఇల్లు, అధిక వడ్డీ ఆశచూపే మధ్యవర్తి, అందరూ ఆ సొమ్ము వైపే చూస్తారు. ఇవ్వడం ప్రేమ అనిపిస్తుంది, ఇవ్వకపోవడం స్వార్థమనిపిస్తుంది. కాని సర్వస్వం ఇచ్చివేసి రేపు మందుల ఖర్చుకు చేయి చాచవలసి వస్తే, ఆ దానం సంతానంపై మోపిన అప్పుగా మారుతుంది. తనకు కావలసినంత ఉంచుకోవడం కూడా పిల్లల పట్ల ధర్మమే.

ఈ సందర్భంలో బృహదారణ్యకోపనిషత్తులోని యాజ్ఞవల్క్యుని ఘట్టం స్మరణీయం. గృహస్థాశ్రమం విడిచి వెళ్లదలచిన ఋషి తన ఆస్తిని ఇద్దరు భార్యలు మైత్రేయీ కాత్యాయనులకు పంచి వెళ్లాలనుకుంటాడు. ధనంతో నిండిన భూమి అంతా లభించినా తనకు అమృతత్వం సిద్ధిస్తుందా అని మైత్రేయి ప్రశ్నిస్తుంది. సంపన్నుల జీవితం వంటి జీవితం మాత్రమే లభిస్తుందని ఋషి నిజాయితీగా అంగీకరిస్తాడు. పంపకంతో మొదలైన సంభాషణ ఆత్మవిచారంగా మారడానికి కారణం భార్య అడిగిన ప్రశ్న. నేటి కుటుంబాలలో భవిష్యనిధి సొమ్మును గురించిన నిర్ణయాలు భర్త, కుమారులు, బావమరదుల మధ్య జరిగిపోతాయి. ఇల్లాలికి ఆ విషయం ఆఖరున తెలుస్తుంది. ముప్పై ఏళ్లపాటు రాత్రి షిఫ్టు నుండి వచ్చిన మనిషికి పగటి నిద్ర చెడకుండా పిల్లలను ఊరుకోబెట్టిన వ్యక్తి ఆమె. ఆమె పనికి విరమణ తేదీ లేదు. పైగా రోజంతా ఇంట్లో ఉండే భర్త వల్ల ఆమె పని పెరుగుతుంది, ఆమె స్వేచ్ఛ తగ్గుతుంది. వంటగదిలో సలహాలివ్వడం కాక వంటగది పనిని పంచుకోవడం విశ్రాంతునికి మొదటి పాఠం కావలసి ఉంది.

తరువాతి ప్రశ్న నివాసానిది. భిలాయ్ తెలుగువారి ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. మొదటిది స్వగ్రామం. సంవత్సరానికొకసారి పండుగకు వెళ్లినప్పుడు ఆదరించిన ఊరు, శాశ్వతంగా వచ్చినవానిని అదే విధంగా చూడదు. భూమి అన్నదమ్ముల సాగులో ఉంటుంది. బాల్యమిత్రులు కొందరు గతించి ఉంటారు. హిందీ మాధ్యమంలో చదివిన పిల్లలకు ఆ ఊరి బడిపలక మీది అక్షరాలు తెలియవు. రెండవది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, విదేశంలోనో ఉన్న సంతానం ఇల్లు. మూడవది రిసాలీ, సుపేలా వంటి ప్రాంతాలలో ఇల్లు సమకూర్చుకుని, జీవితం గడిచిన చోటనే ఉండిపోవడం.

రెండవ దారిలోని చిక్కును మహాభారతం ఆశ్రమవాస పర్వంలో సూక్ష్మంగా చూపింది. యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు పదిహేనేళ్లు హస్తినాపురంలోనే ఉన్నాడు. ధర్మరాజు ఆయనను అన్నివిధాలా గౌరవించాడు. అయినా అధికారం చేతులు మారిన ఇంట్లో భీముని పరుషవాక్యాలు ఆయనను బాధించాయి. అరణ్యానికి వెళ్తానన్నప్పుడు ధర్మరాజు మొదట అంగీకరించలేదు. వ్యాసుడు నచ్చజెప్పవలసి వచ్చింది. ధృతరాష్ట్రుని పూర్వచరిత్ర వేరు కావచ్చు. కాని గౌరవంగా చూసుకునే కుమారుడున్నప్పటికీ పెద్దవాని మనస్సుకు తన చోటు అనేది ఒకటి కావాలన్న సత్యం అందరికీ వర్తిస్తుంది. పోషణ వేరు, స్థానం వేరు. మొదటిది పిల్లలు ఇవ్వగలరు. రెండవదాన్ని మనిషి స్వయంగా ఏర్పరచుకోవాలి.

కార్మికుని విషయంలో ఈ స్థానాన్ని ఏర్పరచుకోవడం మరింత కష్టం. రైతు వృద్ధుడైనా పొలంగట్టు మీద కూర్చుని వానరాకను గురించి చెప్పగలడు. కుమ్మరి చేతులు వణికినా మనుమడికి మట్టి పదును నేర్పగలడు. వారి విద్య వారితోనే ఇంటికి వస్తుంది. నీలి అద్దం గుండా కొలిమిలోకి చూసి, కరిగిన ఉక్కు రంగును బట్టి దాని వేడిని అంచనా వేయగలిగిన మనిషి విద్యకు కర్మాగార ద్వారం వెలుపల ప్రయోజనం లేదు. కాలక్రమంలో కొలిమి కూడా మారిపోయి, పరికరాలు ఆ పనిని చేపడితే, నేర్చుకునేందుకు శిష్యుడు కూడా ఉండడు. విరమణానంతరం కలిగే శూన్యత కేవలం తీరిక వల్ల పుట్టినది కాదు. తనకు తెలిసినదాన్ని అడిగేవారు లేకపోవడం వల్ల పుట్టినది. అందుకే షిఫ్టు లేకపోయినా తెల్లవారకముందే లేచి కూర్చునే విశ్రాంత కార్మికుని అలవాటును చూసి నవ్వుకోవడం సరికాదు.

ఏదో ఒక పని కల్పించుకుంటే ఈ సమస్య తీరుతుందని సాధారణంగా సలహా ఇస్తారు. రోమన్ తత్త్వవేత్త సిసిరో క్రీస్తుపూర్వం 44లో వార్ధక్యాన్ని గురించి రచించిన సంవాదంలో వృద్ధుని ఓడకు చుక్కాని పట్టినవానితో పోల్చాడు. తెరచాపలెక్కే యువకుల పని చేయకపోయినా అతని పని గొప్పదన్నాడు. ఈ వాదంలో బలముంది, లోపమూ ఉంది. చుక్కాని పట్టే అవకాశం అందరికీ ఉండదు. పక్షవాతంతో మంచం పట్టినవాడు ఏ పనీ చేయలేడు. అతని విలువ నశించిందా? ఉపయోగాన్ని బట్టే మనిషికి విలువ కడితే కర్మాగారపు కొలమానాన్నే ఇంటికి తెచ్చుకున్నట్లవుతుంది. విరమణ నేర్పవలసిన విషయం ఆ కొలమానాన్ని పక్కన పెట్టడం. కనుక ఉపయోగానికీ అనుబంధానికీ మధ్య ఉన్న భేదాన్ని గుర్తించాలి. ఉపయోగపడేవాని స్థానంలో మరొకరిని నియమించవచ్చు. కర్మాగారం మరునాడే నియమిస్తుంది. అనుబంధంలో ఉన్నవాని స్థానంలో మరొకరిని ఉంచడం సాధ్యం కాదు. పొరుగింటి పిల్లవాడికి లెక్కలు చెప్పడం, ఆసుపత్రి వరుసలో చదువురాని వానికి తోడు నిలవడం, మందిరంలో ప్రసాదం పంచడం, భాష మరచిపోతున్న మనుమరాలికి రోజూ ఒక తెలుగు కథ చెప్పడం పైకి చిన్న పనులు. వాటిలో లభించేది ఒక మనిషి కోసం మరొకరు ఎదురుచూసే సంబంధం. చేయలేని రోజున కూడా ఆ సంబంధం నిలిచి ఉంటుంది. ఆ పిల్లవాడే అప్పుడు మంచం పక్కన కూర్చుంటాడు.

ఇటువంటి అనుబంధాలు విరమణ మరునాడు కొనితెచ్చుకునేవి కావు. ఉద్యోగంలో ఉండగానే, కనీసం చివరి పదేళ్లలో, హోదాతో సంబంధం లేని చోట మనిషి తన పేరుతో పరిచయం కావాలి. అధికారికి ఇది మరీ అవసరం. అతనికి వచ్చే నమస్కారాలలో ఎన్ని కుర్చీకి, ఎన్ని తనకు అన్నది కుర్చీ దిగేదాకా తెలియదు.

సంస్థలకూ, రాజ్యానికీ బాధ్యత లేదని దీని అర్థం కాదు. ఒక తరం మనుషులను వారి ఊళ్ల నుండి రప్పించి నగరం నిర్మించుకున్నప్పుడు, ఆ నగరంలో వృద్ధులుగా జీవించే వీలు కల్పించడం దయ కాదు, ఋణం తీర్చుకోవడం. అదే ద్వారం గుండా లోపలికి వెళ్లే ఒప్పంద కార్మికులనూ ఇక్కడ స్మరించాలి. వారిలో అనేకులకు క్వార్టరు లేదు, వీడ్కోలు సభ లేదు. పని దొరకని రోజే విరమణ దినం. విశ్రాంత జీవితాన్ని గురించిన చర్చ వారిని కూడా కలుపుకున్నప్పుడే న్యాయమవుతుంది.

పెన్షన్ పొందేవారు ఏడాదికొకసారి జీవన ప్రమాణపత్రం సమర్పించాలి. 2014 నుండి వేలిముద్రతో దాన్ని యంత్రం ద్వారా పంపే సౌకర్యం ఏర్పడింది. మనిషి బ్రతికి ఉన్నాడన్నంత వరకే ఆ పత్రం సాక్ష్యం చెప్పగలదు. అది కోరేది కూడా అంతే. ఎవరి మధ్య, ఏ చోట, ఏ మనస్సుతో బ్రతుకుతున్నాడన్న రెండవ భాగాన్ని మాత్రం విశ్రాంతుడు, అతని భార్య, పిల్లలు, పొరుగువారు, అతని శ్రమతో వెలసిన నగరం కలిసి పూరించవలసి ఉంటుంది.