మన జ్ఞాపకము ఎవరిది?

నొప్పి కలిగినప్పుడు ఎవరైనను వైద్యునియొద్దకు పోవుదురు. అందులో గొప్ప వివేకమేమియు లేదు. నొప్పియే మనలను నడిపించును. రక్తపోటు సాధారణముగా నొప్పి కలిగింపదు. ఏండ్ల తరబడి మనతో భుజించి, మనతో నిద్రించును గాని తానున్నట్టు తెలియనియ్యదు. గనుకనే మనలో అనేకులు, "నాకు బాధ లేదు, మాత్రలెందుకు? నా దేహము, నా యిష్టము" అందురు. ఈ మాట న్యాయమైనదా అని విచారింతము.

మొదట ఆ పోటు చేయు పని యెట్టిదో చూతము. మెదడు లోతట్టున మిక్కిలి సన్నని రక్తనాళములు కలవు. ఎడతెగని ఒత్తిడివలన వాటి గోడలు మందమై, బిరుసెక్కి, లోపలి దారి ఇరుకగును. చాలినంత రక్తమందక మెదడు కొంచెము కొంచెముగా చెడును. మధ్యవయస్సున మొదలైన యీ హాని ముసలితనమున బయలుపడును. ఆలోచన మందగించును, లెక్క తప్పును, నడక తడబడును.

ఒక్కసారిగా నాళము పగులుటయు కలదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టును 1944 మార్చిలో పరీక్షించినప్పుడు ఆయన రక్తపోటు 186/108 ఉండెను. పోటును బాగుగా దించు మందు ఆనాడు లేదు. 1945 ఏప్రిల్ 12న, 63 ఏండ్ల ప్రాయమున, మెదడులో రక్తస్రావమై ఆయన మరణించెను.

నేడు మందులు కలవు. 2019లో ప్రచురింపబడిన అమెరికా పరిశోధన యొకటి, 50 ఏండ్లు నిండిన 9,300 మందికి పైగా గమనించెను. పై అంకె 140కి లోపుగా ఉండవలెనని చికిత్స పొందినవారికంటె, 120కి లోపుగా ఉండవలెనని చికిత్స పొందినవారిలో తెలివి కొంత సన్నగిల్లుట సుమారు ఐదవవంతు తక్కువగా కనబడెను. ముదిరిన మతిమరుపు విషయమున మాత్రము భేదము నిశ్చయముగా తేలలేదు. అందరికిని అదే గురి తగదు. పోటు మరీ తగ్గినచో వృద్ధులు తూలిపడవచ్చును. ఎవరికెంత తగునో వైద్యుడే చెప్పవలెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. దేహము నాదే అనుకొందము, జ్ఞాపకము నాదేనా? ఏబది యేండ్లు కాపురము చేసిన భార్యకు తమ తొలినాటి కష్టసుఖములకు భర్త తప్ప వేరు సాక్షి యెవరు? బిడ్డ పలికిన మొదటి మాట, చనిపోయిన తమ్ముని ముఖము, పొలముగట్టు హద్దు, ఎవరికి ఎంత బాకీ — ఇవన్నియు మనయొద్ద దాచబడిన ఇంటివారి సొమ్ము. ఒకరి సొమ్ము దాచినవాడు తలుపు తీసి నిద్రపోయి, "నా యిల్లు, నా యిష్టము" అనవచ్చునా? మనము ఆమె ముఖమును మరచు దినమున ఎక్కువ ఏడ్చునది ఆమెయే.

అయితే ప్రియ చదువరులారా, ఈ మాటను పట్టుకొని రోగులను నిందింపకుడి. శ్రద్ధగా మందు పుచ్చుకొన్నవారికిని మతి తప్పవచ్చును. వంశము, వయస్సు మన చేతిలోనివి కావు. అడిగినదే అడుగు తండ్రిని మొండివాడని కసరుకొనరాదు. మెదడు చేయలేని పనిని మనస్సు చేయనన్నదని యెంచుట అన్యాయము. తెలివి ఉన్నంతకాలము దానిని కాపాడుట మన విధి. అది తగ్గినప్పుడు ఓర్చుకొనుట ఇంటివారి విధి.

గనుక బాధ లేకున్నను పోటు కొలిపించుకొనుడి. వైద్యుని అడుగక మాత్ర మానకుడి. ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉండవలెను. ఆవకాయ, అప్పడములు ఆ లెక్కలోనివే. ఈ చిన్న పనులు మనయొద్ద సొమ్ము దాచుకొన్నవారికి మనము చెల్లించు బాకీ.