కూర్చునే హక్కు

పెళ్లిళ్ల సీజన్లో చీరలు కొనడానికి పెద్ద షాపుకి వెళ్తాం. మనకి కుర్చీ వేస్తారు, మంచినీళ్లో కూల్‌డ్రింకో ఇస్తారు. చీరలు విప్పి చూపించే అమ్మాయి మాత్రం పొద్దున షట్టర్ తీసిన దగ్గర్నుంచి నిలబడే ఉంటుంది. బేరం లేని మధ్యాహ్నం వేళ కూడా.

అదే నడక అయితే కాళ్లకి అంత ఇబ్బంది లేదు. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరాలు బిగుసుకుని రక్తాన్ని పైకి, గుండె వైపు తోస్తాయి. కదలకుండా నిలబడితే ఆ తోపుడు తగ్గి రక్తం కాళ్లలోనే నిలుస్తుంది. సాయంత్రానికి పాదాలు పొంగుతాయి. ఏళ్ల తరబడి ఇదే సాగితే సిరలు ఉబ్బి మెలికలు తిరిగే ముప్పు పెరుగుతుంది.

కేరళలో, కోళిక్కోడ్ దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు పనిలో కూర్చునే హక్కు కోసం పోరాడారు. బాత్రూంకి వెళ్లే వీలు కోసం కూడా! 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించి, సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాల్సిందేనంది. 2021లో తమిళనాడూ అదే పని చేసింది. ఒక స్టూలు కోసం చట్టసభ దాకా పోవాల్సి వచ్చిందంటే చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

కూర్చుంటే బద్ధకమని యజమానులు అనుకుంటారు, సరే. కూర్చుని కనిపించిన అమ్మాయిని "పనేం లేదా?" అన్నట్టు చూసేది ఎవరు? కొనేవాళ్లమే కదా. ఇవాళ షాపుకి వెళ్తే, "కూర్చునే చూపించమ్మా, మాకు తొందరేం లేదు" అనండి. అక్కడ స్టూలే లేకపోతే, ఎందుకు లేదని గల్లాపెట్టె దగ్గరున్న ఆయన్ని అడగండి.