పెంకుపురుగు పాపం ఎవరిది?

తేనెటీగల పెట్టెల్లో చొరబడే చిన్న పెంకుపురుగు ఒకటుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఏథినా ట్యూమిడా. పుట్టిల్లు సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా. అక్కడి తేనెటీగలకు దానితో ఏనాటి నుంచో పరిచయం. కనబడిన పురుగును మూలకు తరిమి, చుట్టూ చెట్టుబంకతో గోడ కట్టి కాపలా కాస్తాయి. ఖైదీ కూడా తక్కువదేం కాదు, మీసాలతో కాపలా ఈగ మూతిని తడిమి దాని నోట్లోంచే తిండి రాబట్టుకుంటుంది. బలమైన పట్టులో అది చిల్లర దొంగ మాత్రమే. పట్టు నీరసించిందా, దాని పిల్లపురుగులు తేనె, పుప్పొడి, ఈగపిల్లలు అన్నీ తిని, మిగిలిన తేనెను పులియబెట్టి, అరలన్నీ జిగురు చేసి వదులుతాయి. ఎదిగాక పెట్టె దిగి నేలలో దూరి ప్యూపాలవుతాయి. ఆ పురుగు బతుకు వాతావరణానికి చిక్కేది ఇక్కడే. నేల వెచ్చగా, కాస్త తేమగా ఉంటే నాలుగైదు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది. చల్లబడితే అంతకంతకూ ఆలస్యమవుతుంది. మరీ చల్లబడితే పైకి రానే రాదు. భూగోళం వేడెక్కే కొద్దీ ఉత్తరార్ధగోళంలో ఇప్పటిదాకా దానికి పనికిరాని నేలలు పనికొచ్చేవిగా మారతాయని 2019లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. పట్టుల మైనాన్ని తినే మైనపు పురుగు సంగతీ ఇంతే. మైనస్ 15 డిగ్రీల చలిలో రెండు గంటలు ఉంచితే గుడ్డుతో సహా చస్తుంది కనుక, తేనెటీగల పెంపకందారులు ఖాళీ పట్టులను ఫ్రీజర్లో పెట్టి తీస్తారు. శీతల దేశాల్లో ఆ ఫ్రీజర్ పని చలికాలం ఉచితంగా చేసిపెట్టేది.

చలికాలం తన పని మానేసినప్పుడు ఆ పని మనిషి చేతికొస్తుంది. అంటే ఎక్కువ పురుగులను మనిషే చంపాలి. ఆ హింస ఎవరి ఖాతాలో పడుతుంది? చంపిన పెంపకందారుడి ఖాతాలోనా, ఈగపిల్లలను తిన్న పురుగు ఖాతాలోనా, నేలను వేడెక్కించిన వాళ్ల ఖాతాలోనా? పురుగును తేలిగ్గా వదిలేయవచ్చు. ఈగలు వదిలిపోయిన పాత పట్టును రోగక్రిములతో సహా తినేసి, చెట్టుతొర్రను మరో గుంపుకు ఖాళీ చేసిపెట్టేది ఈ మైనపు పురుగే. దాన్ని శత్రువంటున్నది మన పెట్టె, మన తేనె, మన లెక్క. చిక్కంతా మూడోవాళ్ల దగ్గర ఉంది. బొగ్గు కాల్చినవాడు తేనెటీగను చంపాలనుకోలేదు, పెంకుపురుగు పేరైనా వినలేదు. చేతనే కర్మ అన్న బౌద్ధ సూత్రాన్ని ఉన్నదున్నట్టు అన్వయిస్తే అతను నిర్దోషి. సంకల్పం లేదు కాబట్టి పాపమూ లేదు. వాతావరణం విషయంలో మనలో చాలామంది, బౌద్ధులు కాకపోయినా, నమ్ముతున్నది ఇదే.

ఈ నమ్మకానికి గట్టి సమాధానం నాకు జైన గురువు కుందకుందాచార్యుడిలో కనిపిస్తుంది. అనంతపురం జిల్లా కొనకొండ్ల ఆయన ఊరని, ఊరిపేరే ఆయన పేరైందని పరంపర చెబుతుంది. ప్రవచనసారమనే గ్రంథంలో ఆయన హింసను ఫలితంతో కొలవడు, సంకల్పంతో మాత్రమే కూడా కొలవడు. ఎదుటి జీవి చచ్చినా బతికినా, అజాగ్రత్తగా నడుచుకున్నవాడికి హింస అంటుకున్నట్టే. జాగ్రత్త తప్పనివాడికి, పొరపాటున ప్రాణం పోయినా, అది బంధం కాదు. మరో జైనాచార్యుడు ఉమాస్వాతి రాసిన తత్త్వార్థసూత్రం కూడా హింసకు నిర్వచనంలోనే ప్రమాదాన్ని చేర్చింది. ఇక్కడ ప్రమాదం అంటే యాక్సిడెంటు కాదు, ఏమరుపాటు. ఒక తమాషా ఏమంటే, తేనెను మాంసంతో, మద్యంతో ఒకే వరుసన కూర్చోబెట్టి నిషేధించిన మతం ఇది. తేనెపట్టుకు వచ్చిన కష్టాన్ని అర్థం చేసుకునేందుకు ఇంతకన్నా పదునైన పరికరం నాకు మరెక్కడా దొరకలేదు.

ఏమరుపాటు అనాలంటే ముందు తెలిసి ఉండాలి కదా అని అడగవచ్చు. నిజమే. తొలినాటి ఆవిరియంత్రాల వాళ్లను ఈ నేరం కింద పట్టుకోవడం అన్యాయం. కానీ గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో శాస్త్రజ్ఞుడు అరేనియస్ 1896లోనే లెక్క కట్టాడు. 1988లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి ఈ సంగతి చూడటానికి ప్రభుత్వాల ఉమ్మడి వేదికగా ఐపీసీసీని ఏర్పాటు చేశాయి. ఆ తర్వాత కాల్చిన బొగ్గుకు తెలియకపోవడమనే సాకు లేదు. పని అదే, మనసులోని కోరికా అదే. మధ్యలో జ్ఞానం వచ్చి చేరినందువల్ల నిన్నటి అమాయకత్వం ఇవాళ ప్రమాదమైంది. నా ఒక్కడి వాటా ఎంత అనే మాటకు జైనులు ఎప్పుడో జవాబు సిద్ధం చేసి పెట్టారు: చేయడం, చేయించడం, చేస్తుంటే ఔననడం, మూడూ కర్మే. వాటా చిన్నదైతే బరువూ చిన్నదే కావచ్చు గాని సున్నా కాదు. అలాగని కట్టెలపొయ్యి మీద గంజి కాచుకునే ఇల్లాలిని, ఏడాదికి పదిసార్లు విమానమెక్కేవాణ్ణి ఒకే గాటన కట్టలేం. జాగ్రత్త పడే వీలు ఎవరికి ఎంత ఉందో, ఏమరుపాటూ అంతే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. పెంకుపురుగును ఖండాలు దాటించింది ఎండ కాదు, మనుషుల రవాణా. 1998లో ఫ్లోరిడాలో, 2002లో ఆస్ట్రేలియాలో, 2014లో ఇటలీలోని కలాబ్రియాలో అది బయటపడింది. ఆ నేలలు ముందే వెచ్చనివి. అక్కడి నష్టాన్ని వాతావరణ మార్పు మీద వేయడం అబద్ధమవుతుంది, వేయను. పైగా నేల మరీ ఎండిపోతే ప్యూపాలే చస్తాయి కనుక కొన్నిచోట్ల వేడి పురుగుకే శత్రువు కావచ్చు. ఫలితాన్ని బట్టి పాపం లెక్కించేవాడికి ఇది పెద్ద ఇబ్బంది: ఒకచోట దోషి, ఇంకోచోట ఉపకారి. కుందకుందుడి కొలతలో ఈ ఇబ్బంది లేదు. ఏ నేలలో ఏ పురుగు బతుకుతుందో, ఏ పట్టు కూలుతుందో చూసుకోకుండా అన్ని నేలలనూ ఒకేసారి వేడెక్కించడమే ఏమరుపాటు. ఎక్కడో ఒకచోట మేలు జరగడం ఆ ఏమరుపాటును జాగ్రత్తగా మార్చదు.

ఇక చంపే చేయి. కలాబ్రియాలో పురుగు కనబడిన చోట అధికారులు ఈగలతో సహా పెట్టెలను తగలబెట్టించి, కింది నేలకు పురుగుమందు పట్టించారు. చూడటానికి ఇంతకు మించిన హింస ఉండదు. కానీ ఎందుకు చేస్తున్నామో, ఎంత నష్టమో ఎరిగి, ఇతర పట్టులను కాపాడాలని చేసిన పని అది. గృహస్థు ఆత్మరక్షణలో చేసే విరోధీ హింసను జైనం సంకల్ప హింసతో సమానం చేయదు. పాపం కాదనదు, పాపాల్లో తేడా ఉందంటుంది. ఐరోపా సమాఖ్యలో పెట్టెలో ఈ పురుగు కనబడితే వెంటనే ప్రభుత్వానికి తెలియజేయడం పెంపకందారుడి చట్టబద్ధమైన బాధ్యత. తన పెట్టెలోని ఒక్క పురుగుకు కూడా జవాబు చెప్పవలసినవాడు అతడే. ఆ పురుగుకు ఉత్తరాన కొత్త నేలలు సిద్ధం చేస్తున్నవాళ్లు, తమ పొగ ఏ పెట్టె కింద ఏ నేలను వెచ్చబెట్టిందో ఏ కార్యాలయంలోనూ చెప్పుకోనక్కర్లేదు.