కిరీటం ఎదుట కళాకారుడు

1937 మే 12న లండన్‌లో ఆరో జార్జికి పట్టాభిషేకం. ఆ వేడుక ఫొటోల కోసం పారిస్ నుంచి ‘స్ సువార్’ అనే వామపక్ష దినపత్రిక ఒక యువకుణ్ణి పంపింది. అతను ఆన్రీ కార్తియే బ్రెసాఁ. అప్పటికి ముప్ఫై ఏళ్ళు నిండలేదు. రాజు బండికి వీపు పెట్టి, బండి కోసం ఎగబడుతున్న జనం వైపు కెమెరా తిప్పాడు. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర తీసిన ఫొటో ఒకటి నా మనసులో ఉండిపోయింది. రాతి గోడ మీద జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చున్నారు. గోడ కింద నేలంతా నలిగిపోయిన న్యూస్‌పేపర్లు. వాటి మధ్య కోటు వేసుకున్న మనిషి ఒకడు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. ఎప్పటి నుంచి కాచుకుని ఉన్నాడో పాపం. అతన్ని చూసినప్పుడల్లా నాకు జాలి కంటే గౌరవమే ఎక్కువ కలుగుతుంది. దేశమంతా ఒకే వైపు చూడాల్సిన రోజున అతని శరీరం తన అవసరం తాను తీర్చుకుంది. దాన్ని కళ్ళకు అద్దుకున్నవాడు కళాకారుడు.

అదే రోజు ఇంగ్లండులో ఇంకో పని జరిగింది. కవి చార్లెస్ మాడ్జ్, చిత్రకారుడూ సినిమా దర్శకుడూ అయిన హంఫ్రీ జెన్నింగ్స్, వాళ్ళ మిత్రులు కలిసి మామూలు మనుషుల రోజువారీ బతుకును నమోదు చేసే ‘మాస్ అబ్జర్వేషన్’ను ఆ ఏడాదే మొదలుపెట్టారు. పట్టాభిషేకం రోజున 200 మందికి పైగా మామూలు మనుషులు తాము చూసిందీ విన్నదీ రాసి ఇచ్చారు. ఆ రాతలన్నీ కూర్చి మాడ్జ్, జెన్నింగ్స్ అదే సంవత్సరం పుస్తకం వేశారు. పట్టాభిషేకం అసలు పట్టని వాళ్ళ రోజుకు కూడా అందులో చోటు దొరికింది.

రాజుకు వీపు చూపడంలో ధైర్యం ఉంది. పోతన తన భాగవతాన్ని రాజులకు ఇవ్వనన్న కథ ఉగ్గుపాలతో తాగిన వాళ్ళం, మనకది ఒకరు చెప్పాలా? అయితే మన దగ్గరే ధూర్జటి కూడా ఉన్నాడు. అష్టదిగ్గజాల్లో ఒకడిగా ఆయన్ని చెప్పుకుంటాం. కాళహస్తీశ్వర శతకంలో ఆయన రాజుల్నీ రాజసేవనీ తిట్టిపోసినప్పుడు, ఆ మాటల్లో కొలువు లోపలి గాలి పీల్చిన మనిషి గొంతు వినిపిస్తుంది. పోతనది గడప తొక్కని తనం. ధూర్జటిది గడప దాటి లోపలికి వెళ్ళి చూసిన వాడి వేదన. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది ఈ రెండోదే.

లోపలికి వెళ్ళిన వాళ్ళలో ఎక్కువ మంది అడిగింది చేసి పెట్టారు. 1804 డిసెంబరులో పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చిలో నెపోలియన్ కిరీటధారణ జరిగినప్పుడు అతని తల్లి లెటీజియా అక్కడ లేదు. చిత్రకారుడు దావీద్ వేసిన దాదాపు 10 మీటర్ల వెడల్పు చిత్రంలో మాత్రం ఆమె నడిమధ్యన కొలువు తీరి ఉంటుంది. చేతి పనిలో దావీద్‌కి సాటి రాగల వాళ్ళు తక్కువ. ఆ నేర్పంతా జరగని దాన్ని జరిగినట్టు నమ్మించడానికి ఖర్చయింది. అది నాకు బాధగానే ఉంటుంది.

సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్ లోపలికి వెళ్ళింది మరో రకంగా. 1953 జూన్ 2న రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం. జూన్ 8న కోవెంట్ గార్డెన్‌లోని రాయల్ ఒపెరా హౌస్‌లో, కొత్త రాణి సమక్షంలో, ఆ సందర్భం కోసమే రాసిన ఒపెరా ‘గ్లోరియానా’ తొలి ప్రదర్శన. ఆమె అనుమతితో ఆమెకే అంకితం. విషయం మొదటి ఎలిజబెత్. అంతవరకూ అందరికీ సంతోషమే. కానీ బ్రిటెన్, కవి విలియం ప్లూమర్ కలిసి చూపించింది సముద్రాలు గెలిచిన రాణిని కాదు, ముసలితనం మీద పడ్డ రాణిని. మూడో అంకంలో ఎసెక్స్ ప్రభువు అనుమతి లేకుండా ఆమె గదిలోకి దూసుకొస్తాడు. ఆమె తల మీద విగ్గు లేదు. ఒంటి మీద పాత గౌను. వయసు ఎవరి కంటా పడకుండా ఇన్నాళ్ళూ దాచుకున్న మనిషి, ప్రేమించిన వాడి కంటనే పడుతుంది. చివరికి అతని మరణశాసనం మీద సంతకం పెట్టాల్సిందీ ఆమే.

ఆ రాత్రి హాలు నిండా దౌత్యవేత్తలు, అధికారులు, పెద్ద పెద్ద హోదాల వాళ్ళు. ఆదరణ అంతంత మాత్రమే. పండగ పూట ఇదేం అపశకునం అనుకున్న వాళ్ళూ ఉండి ఉంటారు. ఇరవై ఏడేళ్ళ అమ్మాయికి, కిరీటం నెత్తికెత్తుకున్న వారం తిరక్కుండానే, రేపు నీకు మిగిలేది ఇంత ఒంటరితనం అని చెప్పడం క్రూరమే కదా అని నాకూ అనిపిస్తుంది. మళ్ళీ ఆలోచిస్తే, ఆ వారం రోజుల్లో ఆమెను మనిషిగా చూసి మాట్లాడింది ఆ ఒపెరా ఒక్కటేనేమో. మిగతా వాళ్ళందరూ కిరీటంతో మాట్లాడారు.

2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకానికి పన్నెండు కొత్త సంగీత రచనలు చేయించారు. బెలీజ్‌లో పుట్టిన ఎరలిన్ వాలెన్ నుంచి లాయిడ్ వెబర్ దాకా రకరకాల వాళ్ళు రాశారు. వాటికంటే నా దృష్టిని పట్టి నిలిపింది ఒక గుడ్డ. రాజు ఒంటికి పవిత్ర తైలం పూసే ఘట్టాన్ని లోకానికి చూపరు. 1953లోనూ టీవీ కెమెరాలు ఆ క్షణాన్ని చూపలేదు. ఈసారి దానికోసం మూడు వైపులా తెరలు నిలబెట్టారు. ఎయిడాన్ హార్ట్ అనే ఐకాన్ చిత్రకారుడు గీసిన చెట్టును రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్ళు సూదితో కుట్టారు. కామన్‌వెల్త్ దేశాల పేర్లతో 56 ఆకులు. ఒక ఆకు మీద మన దేశం పేరు కూడా ఉంది. దాని వెనక ఎంత చరిత్ర ఉందో తెలిసిన వాళ్ళం కాబట్టి ఆ ఆకు దగ్గర నా చూపు నిలిచిపోయింది. ఆ వేడుకలో అన్నిటికన్నా ముఖ్యమైన నిమిషంలో లోకం చూసింది రాజును కాదు, ఆ కుట్టుపనిని. లోపల ఒక వృద్ధుడు, పైవస్త్రాలు తీసేసి, మామూలు తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. బ్రిటెన్ బయటపెట్టిన ఒంటరితనాన్ని ఈ తెర కాపాడింది. రెండూ కళే చేసింది. ఏది ఎక్కువ దయగలదో నేను తేల్చుకోలేను. ఏది ఎక్కువ అవసరమంటే మాత్రం తడుముకోను, బ్రిటెన్ వైపే.

‘గ్లోరియానా’ను 1966లో సాడ్లర్స్ వెల్స్ ఒపెరా వాళ్ళు మళ్ళీ వేదిక ఎక్కించారు. ఈసారి హాల్లో ఉన్నది సంగీతం కోసం టికెట్ కొనుక్కుని వచ్చిన వాళ్ళు. విగ్గు లేని రాణిని వాళ్ళు మనసుకు హత్తుకున్నారు.