దారి యెవరిది?

"దారి యెవరిది?" అను ప్రశ్న చాల చిన్నదిగా కనబడును. నడుచువానిదని ఒకరు, బండి తోలువానిదని ఒకరు, సుంకము కట్టిన వానిదని వేరొకరు చెప్పుదురు. దారి ప్రక్కన కాపురమున్న వానిని అడుగువారు మాత్రము అరుదు.

ఊత్తుకోట నెరిగిన వారికి ఈ ప్రశ్న క్రొత్త కాదు. ఆరణి యేటి యొడ్డున, రెండు రాష్ట్రముల సరిహద్దున, తెలుగును తమిళమును ఒక్క నోటనే పలుకు ఊరిది. చెన్నై నుండి పెరియపాళెము మీదుగా వచ్చి, నాగలాపురము, పుత్తూరు దాటి తిరుపతికి పోవు బాట ఈ ఊరి గుండనే సాగును. 1983లో కుదిరిన ఒడంబడిక మేరకు కృష్ణాజలములు 1996లో మొదటిసారి తమిళనాట అడుగు పెట్టినది ఈ ఊరి చెంతనే. ఆ నీరు ఇచట నిలువదు. పూండి జలాశయము చేరి, నగరవాసుల దాహము తీర్చును. ఇతరులకు దారి యిచ్చుట ఈ ఊరికి అలవాటైన ధర్మము.

ఇప్పుడు ఈ తాలూకా మరియొక దారికి చోటీయవలసి వచ్చినది. చిత్తూరు నుండి తచ్చూరు వరకు సుమారు 116 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి పొలముల నడుమ నుండి తలపెట్టబడినది. పంటలు పండు మాగాణి పోవుచున్నదని రైతులు ఆక్షేపణ తెలిపిరి. సరకుల బండ్లు ఊళ్లలో చిక్కుకొనక రేవులకు చేరునని దారి కోరువారు చెప్పిరి. ఇరువురి మాటయు సత్యమే. ఒక వైపు నుండి చూచి తీర్పు చెప్పరాదని మన పెద్దలు నేర్పిన అనేకాంత దృష్టికి ఇంతకంటె తగిన పరీక్ష యేమున్నది?

దారియే వలదని నేను చెప్పబోవుట లేదు. ఆరణి పొంగి పాత కాజ్‌వే మునిగిన రోజులలో తిరువళ్లూరు వైపు రాకపోకలు నిలిచిపోయెడివి. ఏటికి ఈవల రోగియు, ఆవల ఆసుపత్రియు ఉన్నప్పుడు వంతెన యొక ప్రాణదానమే. దారి లేకపోవుట కూడ ఒక విధమైన హింసయే.

అయినను ఒక లెక్క చూడవలసియున్నది. దారి వలన కలుగు లాభము వేలమందికి పలుచగా పంచబడును. ఒక్కొక్కరికి కొన్ని నిమిషములు మిగులును. నష్టమో, కొద్దిమంది మీద చిక్కగా పడును. ఎత్తైన కట్ట పోసి దారి వేసినచో, బావి ఒక వైపున, చేను మరియొక వైపున మిగులవచ్చును. ఇన్నాళ్లు నాలుగడుగులలో దాటిన చోటికి, సొరంగపు దారి యెక్కడున్నదో వెదకి, చుట్టు తిరిగి పోవలెను. ఒక చెరువు నిండి మరియొక చెరువునకు నీరు పారు ఈ సీమలో, ఆ కట్టకు తగినన్ని తూములు విడువనిచో ఒక ప్రక్క ముంపు, ఒక ప్రక్క ఎండు.

నష్టపరిహారము కలదు గదా యని అడుగవచ్చును. కలదు. 2013 నాటి భూసేకరణ చట్టము పల్లె భూముల విలువను రెండింతల వరకు హెచ్చించి, దానిపై నూటికి నూరు వంతులు అదనముగా నిమ్మన్నది. 2015 నుండి జాతీయ రహదారులకును ఆ పరిహారపు నియమములు వర్తించుచున్నవి. ఇది మెచ్చదగినదే. కాని పత్రము గలవానికి లెక్క సులభము. పాత బాట ప్రక్కన టీ కాచి బ్రతుకు వానికి, ఆగిన బస్సు కిటికీకి మల్లెమూర అందించు ముసలమ్మకు ఏ పత్రమున్నది? బండ్లు వేరు దారి పట్టిన దినమున వారి బేరము కూడ వాటి వెంట పోవును.

ఇది పల్లెల గొడవ మాత్రమే కాదు. హైదరాబాదులో మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల ఎత్తుదారి 2009లో తెరువబడినది. పైన పోవువారికి విమానాశ్రయము దగ్గరయైనది. క్రింది అంగళ్లవారు తమ చిరునామాగా స్తంభపు సంఖ్య చెప్పుకొనుచున్నారు! అమెరికాలోని బోస్టను నగరమున 1959లో పూర్తియైన ఎత్తుదారి కొరకు సుమారు 20,000 మంది ఇండ్లు విడిచిరి. దినమునకు 75,000 బండ్లకని కట్టిన ఆ దారిపై 1990ల తొలినాళ్లకు రెండు లక్షలకు చేరువగా బండ్లు పోవుచుండెను. దారి పెరిగిన కొలది బండ్లును పెరిగినవి. తుదకు దానిని పెకలించి, భూమి క్రింద సొరంగముగా మరల కట్టిరి. ఆ పని 1991 నుండి 2007 వరకు సాగినది. పైనేల ఉద్యానవనమైనది, విడిపోయిన పేటలు కలిసినవి. కూలిన ఇండ్లు మాత్రము మరల లేవలేదు.

వెడల్పు చేసినంత మాత్రమున రద్దీ తీరదనుటకు కారణము మన మనస్సులోనే యున్నది. దారి సుఖమైనచో, నిన్న అనవసరమని మానిన ప్రయాణము నేడు అవసరమని తోచును. ధనము వలెనే వేగము కూడ చాలునని తోచని వస్తువు. నిమిషములను కూడబెట్టుట కూడ పరిగ్రహమే. మిగిలిన నిమిషముతో ఏమి చేయుచున్నామో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

మన సాధుసాధ్వులు నేటికిని కాలినడకనే విహరించుచున్నారు. ఎదుటి నాలుగు మూరల నేల చూచుకొని, ప్రాణికి బాధ కలుగకుండ అడుగు వేయుటకు ఈర్యాసమితి యని పేరు. ఆరు వరుసల దారి మీద బండి తోలువానికి నాలుగు మూరల చూపు చాలదు. అందుచేత ఆ చూపును దారి వేయువారు ముందుగానే చూడవలెను. నడచువారికి ప్రక్కబాట యున్నదా? పశువులు దాటుటకు చోటున్నదా? నీటికి తూము, బడిపిల్లలకు చేరువలో దాటుదారి, బేరము పోయినవానికి మరియొక చోట నిలువ నీడ కలవా? ఇవి దయాధర్మముగా చివర చేర్చవలసినవి కావు. దారి వెలలోనే మొదట చేర్చవలసినవి.

దారిని కొలుచుటకు మనకు ఒక్క కొలత అలవాటైనది: ఈ కొన నుండి ఆ కొనకు ఎంత త్వరగా పోగలము? రెండవ కొలత కూడ కావలెను: ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు ఒక ముసలివాడు ఎంత నిర్భయముగా దాటగలడు? ఈ రెండింటికి సమాధానము చెప్పగల దారియే అందరి దారి. ఒక్కదానికే చెప్పగలిగినది, ఎంత వెడల్పైనను, ఇరుకు దారియే.

సోదరులారా! రేపు ఆ క్రొత్త దారిన మనమును పోదుము. అప్పుడు కిటికీ నుండి ఒకసారి ప్రక్కకు చూడుడు. మనకు మిగిలిన పది నిమిషముల వెల ఎవరో ఆ పొలము గట్టున కట్టియున్నారు. ఆ ఋణము మనదని తలచిననాడు, తరువాతి దారి కొంత దయతో వేయబడును.